పక్కవాళ్ల కోసం అంటించిన చుక్కలు

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా చిన్నాడపడుచు. డాక్ గేటు దగ్గర దోసెల బండి నడుపుతుంది కనక, కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఏం జరగబోతున్నా ముందు ఆమె చెవినే పడుతుంది. ఆ పొద్దున బండి పక్కవాళ్లకు అప్పజెప్పి, చేతికి పిండి అలాగే ఉండగా మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వదినా, మన లైనుకి ఆడోల్ల లెట్రిన్ వొచ్చెస్తంది! నీల్లు కూడా లోపటేనట. పెద్దోల్లందరూ ఒక దగ్గర కూకుని ప్లాను గీస్తన్నారు. మనోల్ల తరపున నిన్ను రమ్మంటన్నారు."

"నన్నా? నాతోటి ఆల్లకేటి పనే?"

"బడికెల్లకపోతే ఏటి, మూడు బాసలు సదువుతావు గదా. వార్డు లీడరు దాదా నీ పేరే సెప్పినాడట. బేగి చీర మార్సుకో."

నేను చేసిన మొదటి పని చీర మార్చుకోవడం కాదు. వెనక గదిలోకి వెళ్లి మోకరించాను.

నేను నిజంగానే బడికి వెళ్లలేదు. డాకులో కూలీ అయిన మా నాన్న షిఫ్టు దిగి వచ్చి, ఒంటి మసి కడుక్కుని, తెలుగు బైబిలు నా ముందు తెరిచి, వేలితో ఒక్కొక్క అక్షరం చూపించి నేర్పాడు. బంగ్లా నేను బస్సుల మీదా దుకాణాల మీదా చదువుకుంటూ నేర్చుకున్నాను. హిందీ ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. అక్షరాలతో పాటు నాన్న నేర్పిన ఇంకో అలవాటు, మేలు ఇంకా దారిలో ఉండగానే దేవుడికి స్తోత్రం చెప్పేయడం. ఆ అలవాటు వల్ల నేను చాలాసార్లు తొందరపడి సంతోషించాను. ఆ రోజూ అంతే.

మా ఇళ్లున్న వరసను అందరం లైను అంటాం. ఒక వైపు డాకు గోడ, ఇంకో వైపు కంటైనర్ లారీలు తిరిగే రోడ్డు. మా ఆడవాళ్ల మరుగుదొడ్డి ఆ రోడ్డుకు అవతల ఉంది. పగలు లారీల సందు చూసుకుని పరుగెత్తాలి. చీకటి పడితే ఒకరికొకరు తోడు వెళ్లాలి. మాకు అది కష్టం. అప్పకు అది సాధ్యం కాని పని.

అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. లైనులో అందరికంటే పెద్దది కనక, పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా ఆమెను అప్ప అనే పిలుస్తారు. భర్త డాకులో పనిచేసి పోయాడు. కూతురు నది అవతల టికియాపారాలో, రైల్వే క్వార్టర్లో కాపురం. అప్ప మాత్రం లైను వదలలేదు. మోకాళ్లు అరిగిపోయి, గోడ పట్టుకుని నడిచే మనిషి. ఆ రోడ్డు దాటలేక ఆమె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇక నీళ్లు తాగదు. మళ్లీ తెల్లవారి, ఎవరైనా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాకే. ఒంట్లో మంట అని ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు. అప్ప తల ఊపి వచ్చేసింది.

"తాగవేటప్పా, డాక్టరు సెప్పినాడు గదా," అని నేను గ్లాసు పట్టుకుని వెంటపడితే, నా చెయ్యి మెల్లగా తోసేసేది.

"దాహం అలవాటైపోతాదే పిల్లా. ఆ లారీలే అలవాటు కావు."

కాబట్టి మా చిన్నాడపడుచు తెచ్చిన వార్త విని నేను తలచుకున్నది ఒక్క అప్పనే. లైనులోపలే మరుగుదొడ్డి ఉంటే ఆమె సాయంత్రం ఒక గ్లాసు నీళ్లు తాగుతుంది. నా మట్టుకు ఆ పథకమంతా ఆ గ్లాసు కోసమే.

పథకం మాత్రం చాలా పెద్దది. నదికి అటూ ఇటూ ఉన్న కూలీల బస్తీలన్నిటినీ ఒకే ప్రాంతంగా చూసి, అందరితో కలిసి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలట. స్థలం చూసే ఆఫీసు, పారిశుధ్యం చూసే ఆఫీసు, వార్డు మనుషులు, బస్తీల వాళ్లు, అందరూ 'భాగస్వాములు'. దీన్ని నడిపిస్తున్నది ఒక స్వచ్ఛంద సంస్థ తరపున వచ్చిన బెంగాలీ అమ్మాయి. మేమంతా ఆమెను దీదీ అనేవాళ్లం. మంచి పిల్ల. ఆ మాట ముందే చెప్పేయాలి. మా లైనుకు వచ్చినప్పుడు మా ఇంట్లో నేల మీద కూర్చుని ఉప్పుచేపల కూరతో అన్నం తింది, రెండోసారి అడిగి వేయించుకుంది. ఆమె మీద నాకు కోపం తెచ్చుకోవడం చేతకాదు. కోపం పెట్టుకోవడానికి ఒక్క చెడ్డమనిషి దొరికినా నాకు ఇంత ఉక్కగా ఉండేది కాదు.

భాగస్వాములన్న మాట నేను విడమర్చి చెబితే అప్ప నవ్వింది.

"వాటాదారులా? ఇన్నేల్ల నుంచీ ఉన్నాం, దేంట్లో వాటా వొచ్చినాదే మనకి? ఆ లారీల దుమ్ములోనా?"

"ప్లానులో అప్పా."

"సర్లే. ప్లానులో ఓ ముక్క నాకూ ఉంచు. దంతాలు నేవు, మెత్తటిది సూసి ఉంచు."

సమావేశం ఏక్‌బాల్‌పూర్‌లో ఒక పెళ్లిళ్ల హాల్లో పెట్టారు. మా లైను ఆడవాళ్లమంతా ఆదివారం చర్చి గుడికి కట్టుకునే చీరలు కట్టుకుని, అప్పను ఆటోలో కూర్చోబెట్టుకుని వెళ్లాం. వెళ్లగానే మమ్మల్ని విడదీశారు. ఒక్కో బల్ల దగ్గర అన్ని చోట్ల వాళ్లూ కలిసి కూర్చోవాలట. ఒకే బస్తీవాళ్లు ఒకచోట గుమిగూడితే ప్రాంతం మొత్తం గురించి ఆలోచించరని దీదీ చెప్పింది. ఆ మాట సరిగ్గానే ఉంది. అప్పను టికియాపారా రైలు కాలనీ ఆవిడ పక్కన కూర్చోబెట్టారు. మా చిన్నాడపడుచు పక్కన ఏక్‌బాల్‌పూర్ దర్జీల సందు నుంచి వచ్చిన ఒక ఆవిడ. నన్ను మాత్రం ముందు వరసలో దీదీ పక్కన నిలబెట్టారు, ఆమె బంగ్లాలో చెప్పింది మావాళ్లకు తెలుగులో అందించడానికి.

గోడ మీద పెద్ద పటం. ఏ బస్తీకి ఏం కావాలో దాని మీద బొమ్మలు గీసి ఉన్నాయి. దర్జీల సందుకు మురుగు కాలువ, రైలు కాలనీ వెనక దారికి దీపాలు, మా లైనుకు మరుగుదొడ్డి. తలా కాసిని రంగు చుక్కలు ఇచ్చారు, వెనక జిగురున్నవి. మాట అందించేదాన్ని కనక నాకు ఇవ్వలేదు. ఏది ముందు కావాలనుకుంటే దాని మీద అంటించాలి. ఎక్కడ ఎక్కువ చుక్కలు పడితే అక్కడ ముందు పని మొదలవుతుంది.

అప్ప తన చుక్కల కాగితం పైకెత్తి, హాలంతటికీ వినబడేలా అడిగింది.

"ఒలే, ఇవి బొట్టుబిల్లలు గదేటే! ఇంత ముసిల్దాన్నయినాక నన్ను గుడి మాన్పించేత్తారేటి?"

బొట్టు పెట్టుకోని మా ఆడవాళ్లంతా పైటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. దీదీ ఏమిటని అడిగితే చెప్పాను, ఆమె కూడా నవ్వింది. ఆ హాల్లో మేమందరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. బుధవారం సాయంత్రం మా లైనులో స్త్రీల ప్రార్థన ఉంటుంది. అందులో ఎవరి అవసరం వాళ్లు చెప్పుకోకూడదు. పక్కన కూర్చున్నవాళ్లు చెప్పాలి. ఒంట్లో బాగోలేకపోయినా, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా, నోరు మూసుకుని కూర్చుంటాం. పక్కామె కళ్లు మూసుకుని, "ప్రభువా, నా పక్కనున్న ఈ చెల్లి..." అని మొదలుపెడుతుంది. అలా చెప్పాలంటే పక్కింట్లో ఏం జరుగుతోందో ముందే తెలుసుకుని ఉండాలి కదా. అందుకే మా అమ్మమ్మల కాలంలో ఎవరో పెద్దామె ఈ పద్ధతి పెట్టిందంటారు. చిన్నప్పటి నుంచీ అలా పెరిగిన వాళ్లకు, నలుగురిలో "నాకు కావాలి" అనడం పళ్లెంలో ముందు తనకే వడ్డించుకోవడం లాంటిది.

ఆ పూట మా ఆడవాళ్లంతా ఏం చేశారో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. పక్కన కూర్చున్న ఆవిడను ఆమె కష్టం అడిగారు, విన్నారు, అయ్యో అనుకున్నారు, లేచి వెళ్లి తమ చుక్కలన్నీ ఆమె బస్తీకి అంటించి వచ్చారు. తమ లైనుకు ఆమె అంటిస్తుందిలే అనుకున్నారు.

చుక్కలయ్యాక పటం చూస్తే దర్జీల సందు కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఉంది. టికియాపారా దీపాలూ అంతే. మా లైను మాత్రం కడిగిన పలకలా ఉంది.

ముందు చూసింది మా చిన్నాడపడుచే. "వదినా! మన దగ్గర ఒక్కటీ నేదేటి?"

"నువ్వెక్కడ పెట్టినావే?"

"నానా? ఆ దర్జీల ఆవిడకి పెట్టినాను. పాపం వానొత్తే మిషన్లు మంచం మీదకి ఎక్కించుకుంటారట."

"మరి ఆవిడ ఎక్కడ పెట్టింది?"

గొంతు తగ్గించి చెప్పింది. "ఆవిడకే పెట్టుకున్నాది."

ఆవిడ తప్పేముంది? తన సందుకు ఏం కావాలో చెప్పమంటే చెప్పింది. ఎవరినడిగినా అంతే చేస్తారు. అడగడం వచ్చినవాళ్ల కోసం తయారుచేసిన ఆట అది. మేం ఆ ఆటలో కూర్చుని ప్రార్థన చేసి వచ్చాం.

నేను దీదీని పక్కకు పిలిచి మా బుధవారం పద్ధతంతా చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. "ఎంత బాగుంది బౌదీ! ఇది నా నివేదికలో తప్పకుండా పెడతాను," అన్నది. బౌదీ అంటే వదిన. చుక్కలు మళ్లీ వేయించమని అడిగితే మాత్రం ఆమె ముఖం చిన్నబోయింది. "అందరి ముందూ తేలిన ఫలితం. ఒక్క లైను కోసం మారిస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా? రెండో దశలో చూద్దాం."

ఆ తర్వాత నేను తిరిగిన తిరుగుడు చెప్పుకుంటే నాకే విసుగు. స్థలం చూసే ఆఫీసులో, స్థలం మాదే, కానీ మరుగుదొడ్లు కట్టడం మా పని కాదన్నారు. పారిశుధ్యం ఆఫీసులో, కట్టడం మా పనే, కానీ స్థలం మాది కాదు, ఆ ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని రాయించుకు రమ్మన్నారు. మళ్లీ మొదటి ఆఫీసుకు వెళితే, ప్రణాళికలో మీ లైను పేరుంటే వెంటనే రాసిస్తాం అన్నారు. ప్రణాళికలో పేరెక్కాలంటే చుక్కలుండాలి. ఈ పెద్దమనుషులంతా ఆ రోజు హాల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే పళ్లెంలోంచి సింగాడాలు, అదే సమోసాలు, తిన్నవాళ్లు. మోచేతులు తగులుతుండగా కూర్చున్నప్పుడు ఒకరినొకరు అడగని ప్రశ్న, ఇప్పుడు నేను రెండు బస్సులు మారి ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి మోయాలి.

వార్డు దాదా అయితే తల కొట్టుకున్నాడు. "బౌదీ, ఒక్క మాట నా చెవిన వేయకూడదూ? మన కుర్రాళ్లను పంపి మీ లైను మీద చోటు మిగలకుండా అంటించేవాణ్ణి. ఇంత అమాయకులైతే ఈ కలకత్తాలో ఎలా బతుకుతారమ్మా?"

ఇంటికి వచ్చి ప్రార్థనలో కూర్చుంటే నోట స్తోత్రం రాలేదు. వాన పడలేదు, స్తోత్రం. బస్సు దొరికింది, స్తోత్రం. నా పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, స్తోత్రం. అలా చిన్నచిన్నవి ఏరుకుంటూ అసలు దాని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేదాన్ని. ముందే చెప్పేసిన కృతజ్ఞత వెనక్కి తీసుకోవచ్చా అని కూడా అనిపించింది. తీసుకోలేదు. కానీ అనిపించిన మాట నిజం.

ప్రణాళిక రాసి ముగించే ముందు అందరికీ చదివి వినిపించడానికి ఇంకో సమావేశం పెట్టారు, అదే హాల్లో. ఈసారి నేను ముందుగానే మావాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "ఈ ఒక్కపూటకీ ఎవరి అవసరం ఆల్లే సెప్పండి. దేవుడేమీ అనుకోడు." అందరూ తలలూపారు. ఈసారి బల్లల పట్టింపు లేదు. వెళ్లి అప్ప పక్కన కూర్చున్నాను.

చదవడం అయ్యాక దీదీ మైకు పట్టుకుని నేరుగా మా వైపే వచ్చింది. నా తిరుగుడు ఆమెకు తెలుసు. దారి ఇవ్వాలనే వచ్చింది. అందరిలో పెద్దామె కదా అని అప్ప ముందు వంగి, పిన్నీ అన్నట్టు "మాసీమా, మీకేం కావాలో మీ నోటితో చెప్పండి," అన్నది. నేను తెలుగులో అందించాను. అప్ప మోచెయ్యి మెల్లగా గిల్లాను కూడా.

అప్ప పైట సర్దుకుంది. హాలంతా చూసింది. రెండు చేతులూ జోడించింది.

"నాకేటి తల్లీ, దేవుడి దయవల్ల అన్నీ ఉన్నాయి. ఆ టికియాపారా ఆడపిల్లలు సీకట్లో నడుస్తన్నారట. ఆల్ల దీపాలు బేగి ఎయ్యండి."

మా చిన్నాడపడుచు వెనకనుంచి, "ఓలప్పో, సంపేసినావు గదే!" అన్నది.

దీదీ నా వైపు చూసింది, అనువాదం కోసం. నేను అప్ప మాట అనువదించలేదు. నేను అప్ప పక్కన కూర్చున్నాను కదా, పద్ధతి ప్రకారం చెప్పాల్సింది నేనే. లేచి నిలబడి బంగ్లాలో, అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. ఈ పక్కనున్న ఆమె మధ్యాహ్నం నుంచి తెల్లారేదాకా నీళ్లు తాగదు. ఎందుకు తాగదో చెప్పాను. ఒంట్లో మంట సంగతి చెప్పాను. డాక్టరు ఏమన్నాడో చెప్పాను.

అప్పకు బంగ్లా రాదనుకునేవాళ్లు పొరపడతారు. డాకు దగ్గర బతుకంతా గడిపిన మనిషి. ఆమె తల మెల్లగా కిందికి వంగిపోయింది. ఎదురుగా మగవాళ్లున్నారు, వార్డు దాదా ఉన్నాడు, ఆఫీసర్లున్నారు.

ఆ తర్వాత స్థలం ఆఫీసు పెద్దమనిషి గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా, "ఇది వినడానికి బాధగా ఉంది. కానీ ఇది ఒక మనిషి సమస్య. మనం ప్రాంతం గురించి మాట్లాడుతున్నాం," అన్నాడు. పారిశుధ్యం ఆఫీసు ఆయన ఔనన్నట్టు తలాడించాడు. ఇన్ని నెలల్లో ఆ ఇద్దరూ ఒక మాట మీదకు రావడం నేను అప్పుడే చూశాను. ప్రాంతమంటే మనుషులు కాక మరేమిటో అడగాలని నా నోటి దాకా వచ్చింది. దీదీ కళ్లలో నీళ్లు చూసి ఊరుకున్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో అప్ప ఒక్క మాటే అన్నది. "మొగోల్ల ముందరా, పిల్లా?"

"పక్కనున్నోల్లే గదప్పా సెప్పాల."

"దేవుడికి సెప్పాల. ఆల్లకా?"

కానీ తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. మళ్లీ ఆ హాల్లో నిలబెడితే మళ్లీ చెబుతాను.

ఆ బుధవారం అప్ప ప్రార్థనకు రాలేదు. మరుసటి వారం కూతురొచ్చి ఆమెను టికియాపారా తీసుకెళ్లిపోయింది. క్వార్టర్లో మరుగుదొడ్డి లోపలే ఉంది, ఇన్నాళ్లూ రమ్మంటే రాలేదు, ఇప్పుడు తనే కబురుపెట్టిందని కూతురు చెప్పింది. అప్ప గోడ పట్టుకుని లైను చివరిదాకా నడిచింది. పిల్లలందరి తలలూ నిమిరింది. నా దగ్గర ఆగి, "ఒల్లు జాగ్రత్త," అన్నది, అంతే.

మా లైనుకు మరుగుదొడ్డి ఇంకా రాలేదు. రెండో దశ అంటున్నారు. అచ్చయిన నివేదిక దీదీ స్వయంగా తెచ్చి ఇచ్చింది. అందులో మా ఆడవాళ్ల ఫొటో ఉంది, పైటలు అడ్డం పెట్టుకుని నవ్వుతూ. కింద, తమ అవసరాన్ని పక్కనపెట్టి ప్రాంతమంతటి మేలు కోరిన మహిళలు అని రాశారు. మా చిన్నాడపడుచు దాన్ని నా చేత చదివించుకుని, "బాగా రాసినారు. దీన్ని రోడ్డుకడ్డంగా పెడితే లారీలాగుతాయేటి?" అని దోసెల బండి దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ మధ్యే ఒక సాయంత్రం అప్పను చూడడానికి టికియాపారా వెళ్లాను. క్వార్టర్ వెనక దారిలో కొత్త స్తంభాలు వేశారు. కొన్ని వెలుగుతున్నాయి, కొన్ని ఇంకా వెలగలేదు. అప్ప వెలిగే స్తంభం కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే కోపమంతా మరిచిపోయినట్టు చెయ్యి చాపింది.

"సూసినావా, పిల్లలు ఎంచక్కా ఎల్తన్నారు. ఇది నా సుక్కేనే," అని పైకి చూపించింది.

కూతురు మా ఇద్దరికీ చెరో గ్లాసు మంచినీళ్లు తెచ్చింది. నేను నాది గటగటా తాగేశాను, బస్సులో ఉక్కపోసి వచ్చాను కదా. అప్ప గ్లాసు పీట పక్కన అలాగే ఉంది.

"తాగప్పా. ఇక్కడ రోడ్డు దాటక్కర్నేదు గదా."

"దాహం ఎయ్యట్నేదే," అన్నది అప్ప, తనకే వింతగా ఉన్నట్టు. "సాయంత్రమైతే ఒల్లు ఇంక అడగదు."

కూతురు నా వైపు చూసి, రోజూ ఇదే వరస అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

బస్సులో తిరిగి వస్తూ ప్రార్థన చేసుకోబోయాను. వెలిగిన దీపాలకు స్తోత్రం చెప్పాను, మనస్ఫూర్తిగానే చెప్పాను. ఆ నీళ్ల గ్లాసు దగ్గరికి వచ్చి మళ్లీ ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఆగిపోతున్నాను.

టికియాపారాలో స్త్రీల ప్రార్థన లేదు. అప్ప పక్కన కూర్చుని ఆమె అవసరం చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఆమె తన నోటితో ఎప్పటికీ చెప్పదు. నేను వారానికోసారైనా వెళ్లలేను. అందుకని ఇది చదివినవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, ఎవరినీ కొలవకపోయినా సరే. సాయంత్రం పూట దాహమేసి, ఏమీ ఆలోచించకుండా ఒక గ్లాసు నీళ్లు తాగుతారు చూడండి, అప్పుడు ఒక్క క్షణం మా అప్పను తలచుకోండి. ఆమె పక్కన కూర్చున్నది మీరే అనుకోండి.